టీకా పడిన గేదె

దూడ పొదుగును నాలుగుసార్లు కుమ్మింది. గేదె చిన్ని పాలు చేపలేదు.

బసవపున్నయ్య దూడను పలుపు పట్టుకుని వెనక్కి లాగి గుంజకు కట్టేశాడు. చెంబుతో నీళ్లు తీసుకుని చన్నులు మళ్లీ కడిగాడు. వేళ్లకు కాస్త ఆముదం రాసుకుని ముందు రెండూ పట్టాడు. గుక్కెడు పాలు వచ్చి ఆగిపోయాయి. రోజూ ఈపాటికి నురగ తప్యాలా అంచుదాకా లేచేది. గేదె డొక్కకు నుదురు ఆనించి కాసేపు అలాగే కూర్చున్నాడు. డొక్క కాలుతోంది.

లేచి ముందువైపు వచ్చి చూశాడు. రాత్రి వేసిన గడ్డి వేసినట్టే ఉంది. కుడితి తొట్టిలో తవుడు అడుగుకు దిగి పైన నీళ్లు తేరుకున్నాయి. చిన్ని నెమరు వేయడం లేదు. మూతి నుంచి చొంగ తీగలా నేలదాకా సాగింది. చెవి పట్టుకుంటే వేడి చేతికి ఎక్కింది.

చెయ్యి గొంతు కిందికి పోనిచ్చాడు. దవడల సందున అరచేతి మందాన ఏదో గట్టిగా తగిలింది. నొక్కగానే చిన్ని తల విదిల్చింది.

నలభై ఏళ్లు గొడ్ల మధ్య బతికినవాడికి అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"ఏం అన్నయ్యగారూ, ఇవాళ పాలకేంద్రానికి సెలవా?" గోడ అవతల నుంచి రావమ్మ అడిగింది. ఆమెకు రెండు గేదెలు. రెండింటి పాలూ పితికేసి క్యాను గోడమీద పెట్టి నిలబడింది.

"గడ్డి మార్చా. ఒక పూట మొహం తిప్పుద్ది."

"గడ్డి మారిస్తే చొంగ కారుద్దా?"

అతను చెంబు తీసుకుని గోడకు వీపు తిప్పాడు. జూన్‌లో టీకా వేయించాక రావమ్మ గేదెల పాలు నాలుగు రోజులు సగానికి పడిపోయాయి. ఆ నాలుగు రోజులూ అతను పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడి, పదిమందీ వినేట్టు, "ఏం రావమ్మా, క్యాను మొయ్యటానికి తేలిగ్గా ఉందా?" అని అడిగాడు. నాలుగో రోజు ఆమె క్యాను పంపింది గానీ తను రాలేదు.

ఫోన్ తీసి ఎలీషాకు చేశాడు. ఎలీషా ఆ ఊరి పశువుల సహాయకుడు. టీకాలు, చూలు సూదులు, చెవులకు నంబరు బిళ్లలు, అన్నీ అతని చేతిమీదే జరుగుతాయి.

"చిన్నికి జొరంగా ఉంది. మేత ముట్టలేదు."

అటునుంచి ఎలీషా వెంటనే అడిగాడు. "గొంతు కింద వాపేమన్నా ఉందా అండీ?"

రావమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది.

"లేదు," అన్నాడు బసవపున్నయ్య.

"అయితే డాక్టరుగారిని తీసుకొస్తానండి," అన్నాడు ఎలీషా. గొంతు తేలికపడింది.

డాక్టరు నుస్రత్ పదింటికి వచ్చింది. భవానీపురం నుంచి రోజూ మొదటి బస్సుకు చల్లపల్లి వస్తుంది. అక్కడ ఆసుపత్రిలో పెట్టుకున్న స్కూటరు తీసుకుని ఊళ్లు తిరుగుతుంది. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. వాకిట్లో చెప్పులు విడిచి రబ్బరు బూట్లు తొడుక్కుంది. పాకలోకి వచ్చి ముందు గేదె ఎదురుగా నిలబడి ఊరికే చూసింది. తరవాత తోక ఎత్తి థర్మామీటరు పెట్టింది.

"నూట ఆరు. నిన్న సాయంత్రం బాగానే ఉందా అండీ?"

"బాగానే ఉందమ్మా. కాలవలో పడుకుని వచ్చింది."

"లేచి నిలబడుతోందా?"

"కాళ్లు బిగదీసినట్టుంది. లేవటానికి మొరాయించింది."

ఆమె గొంతు కింద తడిమింది. వేళ్లు ఒకచోట ఆగాయి. "ఇక్కడ కొంచెం వాపుంది. ఎప్పటినుంచి?"

"ఇప్పుడే చూస్తున్నా."

ఎలీషా మందులపెట్టె దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ మాటకు తల ఎత్తి బసవపున్నయ్య మొహంలోకి చూశాడు. వెంటనే దించుకున్నాడు.

నుస్రత్ గేదె చెవికున్న పసుపుపచ్చ బిళ్ల మీది అంకెలు చదివింది. ఎలీషా ట్యాబులో కొట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె వేలితో పైకి జరుపుకుంటూ చదివింది.

"జూన్ పదకొండు. గొంతువాపు టీకా పడింది." తనలో తను అనుకుంటున్నట్టే అంది. "అయితే ఇది అది కాదు." మళ్లీ బసవపున్నయ్య వైపు తిరిగింది. "వేయించారు కదండీ?"

జూన్ పదకొండున ఎలీషా ఐసుపెట్టె భుజాన వేసుకుని ఈ వాకిట్లోనే నిలబడ్డాడు. బసవపున్నయ్య పాకకు అడ్డంగా నిలబడ్డాడు. చిన్ని అప్పుడు నిండు పాల మీద ఉంది. పాలు పడిపోతే నువ్వు తెచ్చిపోస్తావా అని అడిగాడు. ఊరు మొత్తం వేసినట్టు చూపించాలండీ, పైనుంచి రోజూ ఫోన్లు చేస్తున్నారు అని ఎలీషా బతిమాలాడు. నంబరు రాసుకుపో, సూది మాత్రం దాని ఒంటిమీద పడటానికి వీల్లేదు అన్నాడు బసవపున్నయ్య. ఎలీషా రాసుకుపోయాడు.

ఎలీషా ఇప్పుడు పెట్టె గడియ తీసి, వేసి, మళ్లీ తీస్తున్నాడు. డాక్టరు చేతులు కడుక్కోవడానికి రావమ్మ వేణ్నీళ్లు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె బసవపున్నయ్యనే చూస్తోంది.

"వేశారమ్మా," అన్నాడు బసవపున్నయ్య.

రావమ్మ బకెట్టు కింద పెట్టి తన దొడ్లోకి వెళ్లిపోయింది.

"అయితే మూడు రోజుల జ్వరం అయి ఉంటుంది," అంది నుస్రత్. "ఈ వానల్లో ఊరూరా ఉంది. కాళ్లు బిగదీయడం కూడా అందుకే. గొంతు దగ్గర ఏదైనా కుట్టిందేమో." జ్వరానికి ఒక సూది వేసింది. యాంటీబయాటిక్ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని, ఆలోచించి, తిరిగి పెట్టెలో పెట్టేసింది. "అవసరం లేకుండా వేయనండి. ఆ పాలు పిల్లలు తాగుతారు. సాయంత్రానికి తగ్గకపోతే నాకు ఫోన్ చేయండి. వాపు పెరిగితే వెంటనే చేయండి."

నంబరు చీటీ మీద రాసి ఇచ్చింది. అతను జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నమంతా అతను పాకలోంచి కదల్లేదు. గోనెసంచులు తడిపి చిన్ని వీపున కప్పాడు. అవి ఆరిపోతుంటే తీసి మళ్లీ తడిపాడు. గంజి కాచి చల్లార్చి, వెదురు గొట్టంతో పోయబోయాడు. గుటక పడలేదు. గంజి మూతి పక్కనుంచి కారిపోయింది. ఇంకో గొట్టం పోస్తే పొలమారేట్టుంది. అక్కడితో మానేశాడు.

చిన్ని అని పేరు పెట్టింది అతని భార్య సంపూర్ణమ్మ. దూడగా ఉన్నప్పుడు పెట్టింది. సంపూర్ణమ్మ పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆ పేరు పైకి పిలిచింది అతనొక్కడే. పొద్దునా సాయంత్రం పాకలో దానితోనే ఊసులు చెప్పుకునేవాడు.

నాలుగు గంటలకు వాపు గొంతు దిగి ముందుకాళ్ల సందు దాకా వచ్చింది. చిన్ని మెడ చాచి, నాలుక బయటపెట్టి, ఊపిరి తీసింది. ఊపిరితోపాటు గరగరమని చప్పుడు వచ్చింది. బసవపున్నయ్య చేతిలో తడిగోనె పట్టుకుని ఆ చప్పుడు మూడుసార్లు విన్నాడు. గోనె కింద పడేసి సైకిలు తీశాడు.

జేబులో డాక్టరు నంబరు ఉంది. అతను ఎలీషా ఇంటికి వెళ్లాడు.

ఎలీషా చర్చి పక్క వీధిలో ఉంటాడు. బండి కడుగుతున్నవాడు సైకిలు చూసి నీళ్లగొట్టం వదిలేసి లేచాడు.

"గురక మొదలైంది," అన్నాడు బసవపున్నయ్య.

"వాపు లేదన్నారు గదండీ పొద్దున, ఫోన్లో."

"అన్నా. నువ్వు నమ్మావా?"

"నమ్మాలనుకున్నా."

"డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. టీకా పడలేదని చెప్పు."

"ఆవిడ నన్నడగలేదండీ, మిమ్మల్నడిగింది. వేశారమ్మా అన్నారు."

"నువ్వు రాసిపెట్టావు కాబట్టి అన్నా."

"మీరు రాయమన్నారు కాబట్టి రాశా." ఎలీషా గొంతు లేవలేదు. తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "చెప్తే నా ఉద్యోగం పోద్దండీ. మీదొక్కటే కాదు. పన్నెండిళ్లు అట్టాగే రాశా."

"పన్నెండా?"

"మీరు వద్దన్నారని తెలిసిందాకా ఒక్కళ్లూ వద్దనలేదు. తెల్లారి నేను ఏ ఇంటికి పోయినా, పున్నయ్యగారి గేదెకి అక్కర్లేనిది మాకెందుకన్నారు. నంబరు రాసుకో అన్నారు. అదీ మీ మాటే."

బసవపున్నయ్య సైకిలు హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లోంచి ఎలీషా భార్య గుమ్మందాకా వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్లిపోయింది.

"నా దగ్గర మందుంది," అన్నాడు ఎలీషా. "నేనేస్తా. ఆవిడకి మాత్రం చెప్పొద్దండీ."

చెప్పాలనో వద్దనో అనడానికి అది సమయం. బసవపున్నయ్య సైకిలు తిప్పాడు. "పద," అన్నాడు.

సీసాలో మందు సగమే ఉంది. మెడనరానికి ఎక్కించాలని ఎలీషా రెండుసార్లు చూశాడు. వాపులో నరం దొరకలేదు. బసవపున్నయ్య చిన్ని ముక్కు వేళ్లతో బిగించి, తల తన తొడమీదికి లాక్కుని పట్టుకున్నాడు. తల బరువుగా ఉంది. చొంగ పంచెను తడిపింది. చివరికి ఎలీషా తొడ కండలో పొడిచాడు.

"ఇదే పొద్దున పడి ఉంటే," అన్నాడు. ఖాళీ సీసా పెట్టెలో పడేశాడు.

తెల్లవారేసరికి చిన్ని పోయింది. దూడ పలుపు తెంపుకుని వచ్చి, పక్కకు పడి ఉన్న తల్లి పొదుగును కుమ్ముతోంది. కుమ్మి, నోట్లో పెట్టుకుని, వదిలి, మళ్లీ కుమ్ముతోంది. బసవపున్నయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి పాక బయటికి తీసుకెళ్లి వేపచెట్టుకు కట్టాడు. ఐదు నెలల దూడ. అరవై నాలుగేళ్లవాడికి ఎత్తే బరువు కాదు. ఎత్తాడు.

రావమ్మ పసుపూ కుంకుమా తెచ్చి చిన్ని నుదుట పెట్టింది. పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుంది.

"దీనికి టీకా పడలేదని నాకు తెలుసు అన్నయ్యగారూ," అంది. "ఆ రోజు మా దొడ్లోంచి చూశా. పెట్టె మూత కూడా తియ్యలేదు."

"మరి నిన్న నోరు మూసుకున్నావేం?"

"క్యాను తేలిగ్గా ఉందా అన్నారు గదా. మీకూ తేలికవ్వనీ అనుకున్నా." ఆమె చిన్ని మొహం చూస్తోంది. "ఇట్టా అవుద్దనుకోలేదు."

అతను ఆమెను తిట్టడానికి మాట వెతుక్కున్నాడు. దొరికింది. వాడలేదు. ఆ మాట ముందు తనకే తగిలేట్టు ఉంది.

ఎనిమిదింటికి పొలం గట్టు దగ్గర జేసీబీ గుంట తవ్వింది. బొక్కెనలో చిన్నిని ఎత్తుకొచ్చి గుంట పక్కన దించింది. ఉప్పు బస్తా, సున్నం బస్తా బసవపున్నయ్యే సైకిలు మీద తెచ్చాడు. నుస్రత్ వచ్చేసరికి అతను బస్తా మూతి విప్పుతున్నాడు. ఆమెకు కబురు చేసింది ఎలీషా. గేదె పోయిందని మాత్రమే చెప్పాడు.

ఆమె ముందు ముక్కు రంధ్రాలూ నోరూ చూసింది. "నెత్తురు లేదు, ఆంత్రాక్స్ అయ్యుండదు. కోయొచ్చు," అంది. చెవి చివర గీరి ఒక నెత్తుటి చుక్క గాజుపలకకు రాసి డబ్బాలో పెట్టింది. చేతులకు తొడుగులు వేసుకుని గొంతు కింద వాపు మీద కత్తితో గీసింది. లోపలినుంచి గడ్డినీళ్ల రంగులో జిగురునీరు కారింది. కండ మీద పసుపుగా, జున్నులా పేరుకుని ఉంది. ఇంకొంచెం కోసి చూసింది. కత్తి పక్కన పెట్టి, అలాగే గొంతుక్కూర్చుంది.

చాలాసేపటికి లేచింది.

"ఇది గొంతువాపే అండీ," అంది. "టీకా పడి రెండు నెలలే అయింది. టీకా పడిన గేదె దీంతో పోకూడదు. అంటే టీకా మందే చెడిపోయింది. మే నెలలో ఒకరోజంతా మా ఆసుపత్రిలో కరెంటు లేదు. ఐసు తెప్పించి సర్దాను. సరిపోయిందనుకున్నాను. సరిపోలేదు." ఆమె తొడుగులు విప్పింది. "నిన్న కూడా నేను రికార్డు చూసి వైద్యం చేశాను. గేదెను చూసి చేయలేదు. వాపు చేతికి తగిలింది, అయినా వదిలేశాను. తప్పు నాదండీ. అలాగే రాసి పంపుతాను. నన్ను క్షమించండి."

రెండు చేతులూ జోడించింది.

సంపూర్ణమ్మ పోయినప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రి వరండాలో అతను సాయంత్రందాకా నిలబడ్డాడు. లోపలినుంచి ఎవరూ రాలేదు. ఎవరో కాగితం తెచ్చి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. తప్పు మాది అని ఒక్క మనిషయినా తన మొహంలోకి చూసి అనలేదని అతను ఈ రెండేళ్లూ దారిన పోయే ప్రతివాడికీ చెప్పాడు. అలా ఎవరైనా అంటే తనేం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. క్షమించకూడదనుకున్నాడు.

ఇప్పుడు ఒక మనిషి ఎదురుగా నిలబడి ఆ మాట అంది. ఆమెకు పాతికేళ్లకు పైన రెండు మూడు ఉంటాయేమో. తొడుగు దాటి మోచేతిదాకా గేదె నెత్తురు ఉంది.

నుస్రత్ ఎలీషా వైపు తిరిగింది. "ఐసుపెట్టెలో టీకా మందు ఎంతుంది?"

"రెండు సీసాలుంది మేడమ్."

"వాడొద్దు. సీలు వేసి పరీక్షకు పంపుదాం. కొత్త మందు రావడానికి వారం పడుతుంది."

"వారమా మేడమ్?" అన్నాడు ఎలీషా. అతని చూపు ఊరివైపు వెళ్లింది.

బసవపున్నయ్య చూపు కూడా వెళ్లింది. గట్టుమీద నుంచి పాకలు కనిపిస్తాయి. కాలవలోకి గేదెలు దిగుతున్నాయి. మొన్న చిన్ని పడుకున్న చోటే.

"మందు చెడిపోలేదమ్మా," అన్నాడు.

ఆమె తల తిప్పింది.

"నా గేదెకి టీకా పడలేదు. నేను వెయ్యనివ్వలేదు. పాలు పడిపోతయ్యని. నంబరు రాసుకోమని నేనే చెప్పా. నిన్న నువ్వడిగితే వేశారని చెప్పా. పొద్దునకే వాపుంది. అదీ దాచా."

జేసీబీ ఇంజను ఆగలేదు. నుస్రత్ ఎలీషా వైపు తిరిగింది. ఆమె జోడించిన చేతులు ఎప్పుడో దిగిపోయాయి.

"ఇంకా పదకొండిళ్లున్నయ్ మేడమ్," అన్నాడు ఎలీషా. నేలకేసి చూస్తూ ఇంటిపేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో పేరు దగ్గర వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. పదకొండూ చెప్పాడు.

ఆమె అరుస్తుందని బసవపున్నయ్య ఎదురుచూశాడు. అరిస్తే నిలబడటం తేలిక. ఆమె అరవలేదు. సబ్బు అడిగి చేతులు మోచేతులదాకా రుద్ది కడుక్కుంది. రెండుసార్లు కడుక్కుంది.

"దూడ ఎక్కడుంది?" అంది. మొహం చూడకుండా అడిగింది.

చిన్ని మీద ఉప్పూ సున్నం పోశారు. జేసీబీ మట్టి తోసింది. బసవపున్నయ్య చివరిదాకా ఉండలేదు. ఆమె వెనకే తన ఇంటికి నడిచాడు.

దూడకు నూట నాలుగు ఉంది. ఈసారి ఆమె ఏ రికార్డూ చూడలేదు. అతను దూడను మోకాళ్ల మధ్య ఇరికించి తల ఎత్తి పట్టుకున్నాడు. ఆమె మెడనరం చూసి మందు నిదానంగా ఎక్కించింది. దూడ కాళ్లు విదిల్చి అతని పాదం తొక్కింది.

"బతుకుద్దా అమ్మా?"

"సాయంత్రానికి తెలుస్తుంది."

నిన్నటిదాకా మాట చివర ఉన్న 'అండీ' ఇప్పుడు లేదు. అతను గమనించాడు.

"నీ సంగతి తరవాత," అని ఆమె ఎలీషాతో అంది. "పెట్టె తీసుకో. జ్వరం ఉన్నవాటికి మందు, లేనివాటికి టీకా. పదకొండూ ఇవాళే అవ్వాలి."

"ఒప్పుకోరు మేడమ్. వేయించామనే అంటారు."

ఆమె బూట్లు దులిపి స్కూటరు దగ్గరికి వెళ్లింది. బసవపున్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని వాళ్లకంటే ముందు వీధిలోకి నడిచాడు. ఎవరూ అతన్ని రమ్మనలేదు.

మొదటి ఇల్లు మణెమ్మది. పొయ్యి దగ్గరనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, డాక్టరునూ ఐసుపెట్టెనూ చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా గేదెకి జూన్‌లోనే వేశారమ్మా. ఎలీషా రాసుకుపోయాడు. అందులో చూడండి, ఉంటది."

నుస్రత్ ట్యాబు తెరవలేదు. బసవపున్నయ్య వైపు చూసింది. గుంట దగ్గర చేతులు కడుక్కున్న తరవాత ఆమె అతని మొహంలోకి చూడటం అదే మొదలు.

"మణెమ్మా," అన్నాడు అతను. "చిన్నిని గుంటలో దించి వస్తున్నా."

"విన్నా బాబాయ్. పిన్ని పెంచిన గేదె. పాపం."

"నేనూ వేశారనే చెప్పా."

మణెమ్మ ఎలీషాను చూసింది. ఎలీషా తల ఎత్తలేదు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"పాలు పడిపోతయ్ గదా బాబాయ్. నువ్వే గదా అన్నావు."

"నేనే అన్నా."

పక్కింటివాళ్లు గోడల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అతను వాళ్లకూ వినపడేట్టు, పాలకేంద్రం దగ్గర మాట్లాడే గొంతుతోనే, మళ్లీ అన్నాడు. "నేనే అన్నా. దాంతోనే నా గేదెని చంపుకున్నా. జరుగు."

ఆమె రమ్మనలేదు. పక్కకు మాత్రం జరిగింది. అతను పాకలోకి వెళ్లి గేదె ముక్కు వేళ్లతో బిగించి పట్టుకుని, తల పక్కకు తిప్పి మెడ చూపించాడు. సూది పడగానే గేదె ఎగిరి అతన్ని గుంజకేసి కొట్టింది. పట్టు వదల్లేదు.

"అయింది," అంది నుస్రత్.

అతను చెయ్యి తీసి, పంచె బిగించుకుని, పక్క ఇంటి వైపు నడిచాడు. ఇంకా పది ఇళ్లున్నాయి.